కొట్టేసిన వాక్యం

నలభై మూడు వ్యాసాలు.
ముప్పై ఎనిమిది ఒకే వాక్యంతో మొదలయ్యాయి:
సాహిత్యం సమాజానికి అద్దం.
అనంతపురం, మార్చి నెల, కరెంటు పోయిన స్టాఫ్ రూము.
అన్ని అద్దాలూ ఒక్కసారే ఎదురుగా పెట్టుకుని కూర్చుంటే
ఒక్కదాంట్లోనూ
ఒక్క మొహమూ కనిపించలేదు.

నేనిచ్చింది చిన్న కథ. ఆరు పేజీలు.
ట్యాంకరు రాని వారం, సుంకులమ్మ తన ఇత్తడి బిందెను
పక్కింటామెకు ఎరువిస్తుంది.
నెల గడుస్తుంది. వాన కూడా పడుతుంది.
బిందె తిరిగి రాదు. ఆమె అడగదు.
అంతే కథ.

మీరు స్త్రీ సహనం అని రాశారు.
మానవతా విలువలు అని రాశారు.
సీమ కరువు గురించి రెండేసి పేజీలు రాశారు.
కరువు మీకెవరూ చెప్పక్కర్లేదు, నిజమే,
కానీ ఆ రెండు పేజీల్లో బిందె ఎక్కడుందా అని వెతికాను.
గైడులో లేదు కనక
మీ దాంట్లోనూ లేదు.

"గొప్ప మాటలు వాడకుంటే మార్కులు పడవంట గదా మేడం?"
అంది రమీజా, మొన్న, కారిడార్లో.
మార్కులు వేసేది నేనే తల్లీ.
నీ "ఉదాత్తమైన", నీ "అజరామరమైన"
ఫోటో స్టూడియోలో అద్దె కోటు లాగున్నాయి.
భుజాలు జారిపోతున్నాయి,
చేతులు ఎక్కడున్నాయో తెలియడంలేదు.
ఆ కోటు విప్పి వాళ్ళకిచ్చెయ్.
మీ అవ్వకు ఈ కథ చెబితే ఏ మాటలతో చెబుతావో
వాటితో మొదలుపెట్టు.

మీ ఇళ్ళల్లో విత్తనానికి చెనక్కాయలు ఒలుస్తారు గదా.
పుచ్చువి, ముడతలు పడ్డవి చూడకుండానే పక్కకు పోతాయి,
వేళ్ళకు తెలుసు.
కథలోంచి వాక్యాన్ని ఎత్తుకునేటప్పుడు అట్లా ఎత్తుకోండి.
గంపెడు వద్దు. మూడో నాలుగో చాలు.
తెచ్చి పడేసి వెళ్ళిపోకండి మళ్ళీ,
అది మొలిచేదాకా మీ మాట దాని పక్కన కాపలా ఉండాలి.
ఇంకొకటి. ఒక్కసారి చదివితే దుమ్ము అణుగుతుంది, అంతే.
పదునెక్కకముందే గొర్రు కడితే
ఏమవుతుందో మీ నాయనల్ని అడగండి.

నా మొదటి వ్యాసం గుత్తిలో రాశాను,
అక్క నోట్సు పక్కన పెట్టుకుని.
సున్నా వేసి ఉంటే మర్చిపోయేదాన్ని.
మాస్టారు మార్జిన్లో పెన్సిలుతో
"ఇదెవరు?" అని రాశాడు.

కుళ్ళాయప్పా, నీది పదిహేడో కాగితం.
మూడో పేజీలో ఒక వాక్యం రాసి
కాగితం చిరిగేంత గట్టిగా కొట్టేశావు.
కిటికీ వెలుగుకు ఎత్తి పట్టుకుని చదివాను:
"ఆయమ్మ బిందె ఎందుకు అడగల్యాదో నాకు అర్థం కాల్యా."
ఆ ముందు రెండున్నర పేజీలూ కొట్టేసి
దీన్ని ఉంచి ఉంటే ఎంత బాగుండేది నాయనా.

నాలుగూ నలభైకి కళ్యాణదుర్గం బస్సు.
వాడు సంచి భుజానికేసుకుని గుమ్మంలో నిలబడ్డాడు.
"తెలీదని రాయొచ్చునా మేడం?"
రాసి ఊరుకోగూడదు.
ఎక్కడిదాకా తెలుసో అక్కడిదాకా నడిచి రా.
"సిగ్గుపడిందేమో మేడం."
ఎవరు? ఏ వాక్యంలో?
వాడు నిలబడే పుస్తకం తీశాడు.
వేలు పేజీ మీద పైనుంచి కిందికి దిగుతూ పోయింది,
నాటు వేసేవాళ్ళు వెనక్కి నడిచినంత మెల్లగా.
బయట బస్సు హారన్ కొట్టింది.
వాడు వినలేదు, లేదా విన్నాడు.

"ఐదో పేజీ మేడం. వాన పడే చోట.
పక్కింటామె కనపడితే
సుంకులమ్మ తలుపు సగం వేసింది, అని ఉంది.
సగమే ఎందుకేసింది?"

తొమ్మిదేళ్ళుగా చెబుతున్నాను ఈ కథ.
పక్కింటామె వాకిట్లో బోర్లించిన బిందె దాకా పోయి వచ్చాను ప్రతి ఏడూ.
ఆ సగం తలుపు నేను చూడలేదు.
నాకూ తెలీదురా, అన్నాను.
కూర్చో.

అప్పుడొచ్చింది కరెంటు.
ఫ్యాను తిరిగి
అద్దాలన్నీ గదంతా ఎగిరాయి.